గుండె మాట వినే వైద్యం

ఈజిప్టు, గ్రీకు పురాతన జ్ఞానమంటూ పిరమిడ్ బొమ్మలూ రంగురాళ్లూ అమ్మేవాళ్లకు ఇప్పుడు కొదవలేదు. కానీ ఆ కాలపు వైద్యుల గొప్పతనం అక్కడ లేదు. రోగిని ఆపాదమస్తకం ఓపిగ్గా చూడటంలో ఉంది. తమకు చేతకానిదాన్ని చేతకాదని చెప్పగలగడంలో ఉంది.

క్రీ.పూ. 1600 ప్రాంతపు ఎడ్విన్ స్మిత్ పపైరస్ అనే ఈజిప్టు వైద్య పత్రాన్నే తీసుకోండి. అందులో 48 కేసులున్నాయి, చాలావరకు గాయాలే. తలతో మొదలై కిందికి దిగుతాయి. వైద్యుడు ముందు కళ్లతో చూడాలి, తర్వాత గాయాన్ని వేళ్లతో తడమాలి, మెడ తిప్పగలడేమో అడగాలి. ఆ తర్వాతే తీర్పు: నయం చేస్తాను, లేదా దీనితో పోరాడతాను, లేదా చేయగలిగింది లేదు. ఈ మూడో మాట పైకి అనడానికి ఎంత నిజాయితీ కావాలో ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుస్తుంది. కట్టు కూడా ఆషామాషీగా కట్టలేదు. తొలిరోజు పచ్చిమాంసం, తర్వాత కొవ్వు, తేనె, నారపీచు. తేనెలో చాలా సూక్ష్మజీవులు పెరగలేవని మనకిప్పుడు తెలుసు. వాళ్లకు పుండు మానడమే రుజువు.

దాదాపు అదే కాలపు ఎబెర్స్ పపైరస్‌లో మందుల పక్కనే మంత్రాలూ ఉంటాయి. తలమీదో, చేతిమీదో, కాలిమీదో వైద్యుడు ఎక్కడ చెయ్యిపెట్టినా అక్కడి నాళాల్లో గుండె పలుకుతుందని చెప్పింది అందులోనే. అయితే ఆ నాళాల్లో గాలి, కన్నీరు కూడా పారతాయనుకున్నారు. పేగుల్లో కుళ్లినది వాటి గుండా ఒళ్లంతా పాకుతుందన్న భయమూ ఉండేది. ఈజిప్షియన్లు నెలనెలా వరసగా మూడురోజులు కడుపు శుభ్రం చేసుకుంటారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. శరీర నిర్మాణం గురించి పొరబడ్డారు, నిజమే. ఒకచోటి జబ్బు ఒకచోటే ఉండదన్న ఊహ మాత్రం వృథా పోలేదు.

గ్రీకులు ఆ ఊహను తత్వంగా మలిచారు. ప్లేటో రాసిన 'చార్మిడీస్'లో తలనొప్పితో ఉన్న యువకుడితో సోక్రటీస్ అంటాడు: తలను వదిలి కంటికీ, ఒంటిని వదిలి తలకీ, ఆత్మను వదిలి ఒంటికీ వైద్యం పనికిరాదని. కోస్ దీవి వైద్యుడు హిప్పోక్రటీస్ పేరుమీద మిగిలిన గ్రంథాలు దీన్ని నేలమీదికి దించాయి. కొత్త ఊళ్లో అడుగుపెట్టిన వైద్యుడు ముందు అక్కడి గాలి ఎటు వీస్తుందో, నీళ్లు ఎలాంటివో, జనం ఏం తిని ఎంత శ్రమిస్తారో కనుక్కోవాలి. తీవ్రమైన జ్వరానికి మొదటి మందు బార్లీ జావ. మూర్ఛ దేవుడి శాపం కాదు, అన్ని జబ్బుల్లాంటిదే అని తేల్చిందీ ఈ గ్రంథాలే.

గ్రీసులోనే ఎపిడారస్‌లో దారి వేరు. అక్కడి వైద్యదేవుడు అస్‌క్లీపియస్ ఆలయంలో రోగి స్నానంచేసి, మొక్కు చెల్లించి, కలలో దేవుడు కనిపిస్తాడన్న ఆశతో రాత్రి నిద్రచేసేవాడు. నయమైనవాళ్ల కథలు రాళ్లమీద చెక్కారు. కానివాళ్ల కోసం ఎవరు చెక్కుతారు? విశ్రాంతి, శుభ్రత, ఊరట ఇచ్చిన మేలును మాత్రం కాదనలేం.

పెర్గమాన్‌లో పుట్టిన గేలన్ అనే వైద్యుడు ఈ వారసత్వాన్ని గట్టి శాస్త్రంగా కట్టాడు. రక్తం, శ్లేష్మం, రెండు రకాల పైత్యం సమంగా ఉండాలన్నాడు. ఆ పేరుతో రక్తం తీయడం శతాబ్దాలపాటు ఎందరికో హాని చేసింది. దాన్ని దాచిపెట్టి ఈ సంప్రదాయాన్ని పొగడలేం. అరబ్బుల చేతుల మీదుగా అదే శాస్త్రం యునానీగా మన హైదరాబాద్ చేరింది. చార్మినార్ పక్కనున్న నిజామియా ఆసుపత్రిది ఈ పరంపరే. గాలి, తిండి, నిద్ర, శ్రమ, విసర్జన, మనోభావాలు, ఈ ఆరూ యునానీ విద్యార్థులకు ఇప్పటికీ మందులకంటే ముందు చదవాల్సిన పాఠం.