బలపం రాయి, రాతినార

తాడిపత్రి నుంచి పులివెందుల, వేంపల్లె దాకా పరుచుకున్నది డోలమైట్ నేల. కోట్ల ఏళ్ల కిందట ఆ పొరల్లోకి డోలరైట్ కరిగి చొచ్చుకొచ్చింది. ఆ వేడికి తాడిపత్రి వైపు బలపం రాయి (టాల్క్) పుట్టింది, పులివెందుల పక్కన బ్రాహ్మణపల్లెలో రాతినార (ఆస్బెస్టాస్) పుట్టింది. రెండూ మెగ్నీషియం సిలికేట్లే. ఒక తల్లి బిడ్డలే అయినా గుణాలు వేరు.

బలపం రాయిని గోటితో గీకితే తెల్లటి పొడి రాలుతుంది. దాని మెగ్నీషియం పొరను రెండు వైపులా సిలికా పట్టి ఉంచుతుంది కాబట్టి బల్లపరుపుగా ఉండి జారిపోతుంది. రాతినారలో సిలికా ఒక్క వైపే ఉంటుంది. మెగ్నీషియం పొర దానికంటే కొంచెం పెద్దది కావడంతో మొత్తం చుట్టుకుపోయి సన్నని గొట్టమవుతుంది. చీలిస్తే పోగులు, పీలిస్తే ఊపిరితిత్తుల్లో ముళ్లు. జబ్బు బయటపడేసరికి ఇరవై ముప్పై ఏళ్లు గడిచిపోతాయి.

లోకం బేబీ పౌడర్‌లో వాడే బలపం రాయికి కూడా బెదిరింది. దాని గనుల్లో ఒక్కోచోట ట్రెమొలైట్ లాంటి నార ఖనిజాలు కలిసి ఉంటాయి, పేచీ అక్కడే మొదలైంది. అమెరికాలో పౌడర్ కంపెనీ మీద వేల దావాలు పడ్డాయి. పౌడర్ సురక్షితమేనని వాదిస్తూనే జాన్సన్ అండ్ జాన్సన్ 2023లో టాల్క్ బేబీ పౌడర్‌ను ప్రపంచమంతటా ఆపేసింది. 2024లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ టాల్క్‌ను 'బహుశా క్యాన్సర్ కారకం' అంది. రాతినార విషయంలో ఆ 'బహుశా' లేదు, రుజువైన క్యాన్సర్ కారకాల జాబితాలో అది ఎప్పటినుంచో ఉంది.

మన ప్రభుత్వం 1986లో రాతినార గనులకు కొత్త లీజులు ఆపింది. రష్యా నుంచి దిగుమతి మాత్రం ఆగలేదు. పోగు కలిసిన సిమెంటు రేకులు ఇప్పటికీ అనంతపురం పల్లెల్లో ఇళ్లకూ పశువుల కొట్టాలకూ కప్పుగా ఎక్కుతున్నాయి. 1995లో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు భద్రపరచాలంది. మంచి తీర్పే! కానీ ఫ్యాక్టరీ హాజరుపట్టీలో పేరున్న మనిషికే అది అక్కరకొస్తుంది. శెనక్కాయ పంట పోయిన ఏడు కూలికెళ్లి, రేకును పొడిగానే రంపంతో కోసే మనిషి పేరు ఏ పట్టీలోనూ ఉండదు. నా లెక్కలో పౌడర్ డబ్బా కంటే ఆ రంపం కింద రాలే దుమ్మే పెద్ద ప్రమాదం.

ఇంటిమీద రేకు ఉంటే దాన్ని కదిలించకండి. కోయక తప్పకపోతే బాగా తడిపి కోయించండి, ముక్కూ నోరూ మంచి మాస్కుతో కప్పుకోమనండి. పగిలిన ముక్కలను చీపురుతో ఊడ్చకండి, పిల్లలకు ఆటకు ఇవ్వకండి.