అడ్జుటెంట్ అడుగు

సైనిక అకాడమీలో పాసింగ్ అవుట్ పెరేడ్ జరిగిన మర్నాడు పేపర్లో వచ్చే ఫోటో ఎప్పుడూ ఒకే తరహాలో ఉంటుంది. కుర్రాళ్లు టోపీలు గాల్లోకి ఎగరేస్తుంటారు, అమ్మానాన్నలు కొడుకు భుజాలకు స్టార్లు తగిలిస్తుంటారు. ఆ కవాతును వారాల తరబడి చెక్కి నిలబెట్టిన అధికారి మాత్రం ఏ ఫోటోలోనూ కనిపించడు. కనిపించినా ఎక్కడో ఓ పక్కన, గుర్రం మీద. ఆయనే అడ్జుటెంట్.

బెటాలియన్‌లో అడ్జుటెంట్ అంటే కమాండింగ్ ఆఫీసర్‌కు కుడిభుజం. ఉత్తర్వులు ఆయన చేతుల మీదుగా వెళ్తాయి, క్రమశిక్షణ ఆయన బాధ్యత. అకాడమీలో దీనికి డ్రిల్ తోడవుతుంది. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో కొత్తగా చేరిన క్యాడెట్ డ్రిల్ స్క్వేర్ టెస్ట్ గట్టెక్కితేగానీ సెలవు రోజున కూడా ఊళ్లోకి వెళ్లలేడు. నిజానికి నడక నేర్పేది డ్రిల్ ఉస్తాదులు. ఎండలో గొంతు చించుకునేది వాళ్లే, ఎవడి మోచెయ్యి వంగిందో, ఎవడి మడమ ఆలస్యంగా పడిందో పేరుపెట్టి చెప్పేదీ వాళ్లే. అడ్జుటెంట్ చూపు మాత్రం మొత్తం మైదానం మీద ఉంటుంది. పెళ్లిలో అందరూ పీటల వైపు చూస్తుంటే, పెళ్లిపెద్ద ఒక్కడే పందిరి మూలల్నీ వంటశాల గుమ్మాన్నీ గమనిస్తుంటాడు చూడండి, ఈయన పనీ అలాంటిదే.

మరి గుర్రం ఎందుకు? ఠీవి కోసం అనుకుంటారు చాలామంది. అసలు కారణం అవసరం. తుపాకీలో ఒక్కో గుండూ దట్టించి పేల్చే రోజుల్లో కాల్బలం బారులు తీరి, భుజం భుజం ఆనించి నడిచేది. వరస వంకర పోతే కాల్పులు చెదిరిపోయేవి. ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడాలన్నా, పొగలో కమాండర్ మాట అవతలి కొసకు చేర్చాలన్నా మనిషి కాస్త ఎత్తులో ఉండాలి, వేగంగా కదలాలి. అందుకే బ్రిటిష్ కాల్బలంలో బెటాలియన్ పెద్దలతో పాటు అడ్జుటెంట్‌కూ గుర్రం ఇచ్చారు. యుద్ధరంగంలో ఆ అవసరం తీరిపోయి ఎన్నో ఏళ్లయింది. కవాతు మైదానంలో మాత్రం గుర్రం మిగిలింది.

ఆ గుర్రానికి పెద్ద పేరు తెచ్చింది ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక అకాడమీ. 1926లో అక్కడి అడ్జుటెంట్ ఫ్రెడరిక్ బ్రౌనింగ్, కవాతు ముగిశాక ఓల్డ్ కాలేజ్ మెట్ల మీదుగా గుర్రాన్ని లోపలికి నడిపించాడు. ఎందుకు నడిపించాడన్నదానికి కథలు చాలానే ఉన్నాయి, వాన తప్పించుకోవడానికన్నది వాటిలో ఒకటి. కారణం ఏదైతేనేం, అదే ఆచారమై కూర్చుంది. ఈనాటికీ శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పూర్తయిన క్యాడెట్లు నెమ్మది అడుగులతో ఆ మెట్లెక్కి లోపలికి వెళ్లాక, వెనకే అడ్జుటెంట్ గుర్రం ఎక్కుతుంది. రాతి మెట్ల మీద ఇనప నాడాలు జారకుండా ఎక్కించడం రౌతుకు పరీక్షే. ఎక్కడం కంటే దిగడం గుర్రానికి ఎక్కువ భయం. బ్రౌనింగ్ తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల్లోంచి దిగి పోరాడే ఎయిర్‌బోర్న్ దళాలకు సేనాధిపతి అయ్యాడు, నవలా రచయిత్రి డాఫ్నీ డ్యూ మారియర్‌ను పెళ్లాడాడు. అయినా శాండ్‌హర్స్ట్‌లో ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఆ మెట్లే.

గుర్రం మీద కూర్చోవడం తేలికని అనిపిస్తుంది, కాళ్లకు పని లేదు కదా అని. బ్యాండ్ వాయించేది ఎడమ, కుడి అని రెండు దెబ్బల లయ. గుర్రం నడకలో నాలుగు గిట్టలు నాలుగుసార్లు పడతాయి, ఆ రెండూ కలవవు. పైగా చెవుల పక్కనే పెద్ద డ్రమ్ము మోగుతుంటుంది. ఎడమ చేతిలో కళ్లెం, కుడి చేతిలో కత్తి. సెల్యూట్‌లో కత్తి పిడి నోటి ఎత్తుకు వచ్చి, ఆపైన మొన కిందికి దిగుతుంది. ఆ కాసేపట్లో గుర్రం తల విదిలించినా కత్తి వణక్కూడదు. దాన్ని అదుపులో ఉంచేది మోకాళ్లూ పిక్కలే. చూసేవాళ్లకు ఆ బిగువు కనిపించనివ్వకపోవడమే నైపుణ్యం.

ఇంతా చెప్పి ఒక మాట ఒప్పుకోవాలి. నా లెక్కలో కవాతులో అసలైన విద్య గుర్రం కాదు, ధీరే చల్, అంటే నెమ్మది నడక. మన ఎన్‌సీసీ పిల్లలకు తెలిసిన తేజ్ చల్‌లో నిమిషానికి 120 అడుగులు, ఒక్కో అడుగూ 30 అంగుళాలు. ఆ వేగంలో చిన్న తప్పు దొర్లినా చేతుల ఊపులో కలిసిపోతుంది. ధీరే చల్‌లో నిమిషానికి 70 అడుగులే. చేతులు కదలవు, ఒంటికి అంటుకుని ఉంటాయి. ఎడమ కాలు మోకాలు వంగకుండా ముందుకు వస్తుంది, బొటనవేలు కిందికి చూస్తూ బూటు నేలను దాదాపు రాసుకుంటూ పోతుంది. ఒంటి బరువంతా అప్పటికి వెనక కాలి మీదే. అక్కడే, ఆ ఒంటికాలి క్షణంలోనే మనిషి ఊగుతాడు. ఊగకుండా నిలబడాలంటే నడుం, తొడలు, మెడ అన్నీ ఒకే మాట మీద ఉండాలి. చేతిలో కత్తి ఉంటే మరీ కష్టం. మోచెయ్యి పక్కకు ఆనించి, ముంజేయి నేలకు సమంగా, కత్తి నిలువుగా. శరీరం ఆవగింజంత కదిలినా కత్తి మొన దాన్ని బెత్తెడు చేసి చూపిస్తుంది. డెహ్రాడూన్‌లో క్యాడెట్లు ‘అంతిమ్ పగ్’ (చివరి అడుగు) అనే గీత దాటేది కూడా ఈ నడకతోనే.

అమెరికా క్యాడెట్ల పద్ధతి ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ బ్యూగుల్ మీద ‘అడ్జుటెంట్స్ కాల్’ మోగగానే దళాలు కదిలి బారులు తీరతాయి, అడ్జుటెంట్ మామూలు కవాతు కంటే వేగంగా, చురుకైన అడుగులతో తన చోటికి చేరతాడు. మొత్తం దళం కదలకుండా నిలబడి ఉండగా ఒక్కడే అలా పరుగులాంటి నడకతో పోవడం మన కళ్లకు కాస్త వింతగా ఉంటుంది. అక్కడివాళ్లకు ముచ్చట.

“రేపు యుద్ధంలో వీళ్లు బారులు తీరి నడుస్తారా?” అని అడిగేవాళ్లున్నారు. నడవరు. అయినా వందల మంది ఒక్క గొంతు విని ఒకేసారి కదలడం, అలసిపోయాక కూడా మోచెయ్యి ఎక్కడుందో గుర్తుంచుకోవడం ఒంటికి పట్టాలంటే ఇంతకంటే చవకైన పద్ధతి ఇంకోటి దొరకలేదు. దీన్నే అతి చేసి, రోజులో సగం డ్రిల్‌కే పోసే చోట మాత్రం నాకు అభ్యంతరమే.

ఈ మైదానంలో ఆడవాళ్ల అడుగు ఆలస్యంగా పడింది. 2019 గణతంత్ర దినోత్సవంలో 144 మంది మగ సైనికుల ఆర్మీ సర్వీస్ కోర్ దళాన్ని ముందుండి నడిపించిన లెఫ్టినెంట్ భావనా కస్తూరి మన హైదరాబాద్ అమ్మాయే. మరుసటి ఏడాది ఆర్మీ డే కవాతుకు కెప్టెన్ తానియా షేర్‌గిల్ పెరేడ్ అడ్జుటెంట్ అయింది. ఇద్దరూ చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో తయారైనవాళ్లే.

ఇదంతా దగ్గర నుంచి చూడ్డానికి డెహ్రాడూన్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఏటా జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ గ్రాడ్యుయేషన్ పెరేడ్ జరుగుతుంది. కొత్త అధికారులు రెండు వరసల్లో ధీరే చల్‌తో బయటికి వస్తుంటే జూనియర్లు వాళ్లకు మొదటి సెల్యూట్ చేస్తారు. ఈసారి టీవీలో చూపించినప్పుడు విమానాల వైపు కాకుండా కాసేపు వాళ్ల బూట్ల వైపు చూడండి.