పూచీ పడే మనిషి

చైనాలోని షాన్‌షీ రాష్ట్రంలో పింగ్యావో అని పాత కోట ఊరు ఉంది. అక్కడ రంగుల వ్యాపారం చేసే లీ కుటుంబం 1823లో మేనేజరు లేయ్ లూతాయ్ సాయంతో రిషెంగ్‌ఛాంగ్ అనే కొట్టు తెరిచింది. ఒక ఊళ్లో వెండి కట్టి చీటీ తీసుకున్న వర్తకుడు, దూరాన మరో ఊళ్లో ఆ చీటీ చూపి వెండి పుచ్చుకోవచ్చు. మన షావుకార్ల హుండీలాంటిదే.

ఆ చీటీ వెనుక నమ్మకాన్ని వాళ్లు కట్టుకున్న తీరు నన్ను బాగా ఆకట్టుకుంది. చీటీ రాసే గుమాస్తా చేతిరాత మిగతా శాఖలవాళ్లు పోల్చుకోగలిగేవారు. తేదీని, సొమ్మెంతో గుప్త అక్షరాల్లో రాసేవారు. ఆ గుర్తులను కూడా మారుస్తూ ఉండేవారు. కుర్రాణ్ణి పనిలోకి తీసుకోవాలంటే పూచీ పడే పెద్దమనిషి కావాలి. కుర్రాడు మోసం చేస్తే నష్టం ఆయన మెడకు చుట్టుకునేది. ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసినవాడికి మాత్రం, పైసా పెట్టుబడి పెట్టకపోయినా లాభాల్లో వాటా దక్కేది.

చైనా సమాజంలో బంధాలు నీళ్లలో రాయి వేస్తే లేచే అలల్లాంటివని సమాజ శాస్త్రవేత్త ఫెయ్ షియావోతుంగ్ 1940లలో రాశారు. దగ్గర గట్టిగా ఉండి, దూరం పోయేకొద్దీ పలచబడతాయి. 1995లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఫుకుయామా చైనాను పరాయివాళ్ల మీద నమ్మకం తక్కువున్న సమాజాల్లో చేర్చారు. అది సగం నిజమేనని నా అభిప్రాయం. ముక్కూమొహం తెలియని ఇద్దరి మధ్య, ఇద్దరికీ జవాబుదారీగా ఉండే మూడో మనిషిని నిలబెట్టడం ఆ సమాజానికి బాగా తెలుసు. 2003లో తావోబావ్ అనే ఆన్‌లైన్ అంగడిలో మొదలైన అలీపే అనే చెల్లింపు సేవ చేసిన పనీ ఇదే. సరుకు అందిందని కొన్నవారు చెప్పేదాకా డబ్బును తన దగ్గరే ఆపింది.

చక్రవర్తుల పాలనను కూలదోసిన 1911 విప్లవం తర్వాతి అల్లకల్లోలంలో ఇచ్చిన అప్పులు రాక, 1914లో రిషెంగ్‌ఛాంగ్ దివాలా తీసింది. దేశమే తలకిందులైతే ఎంతటి పూచీ అయినా నిలవదు. అయినా ఆ కొట్టు నేర్పే పాఠం చెడలేదు. నిజాయితీని మనిషి గుణానికే వదిలేయకూడదు. తప్పు చేస్తే ఎవరు జవాబు చెప్పాలో, నిలబడితే ఏం దక్కుతుందో ముందే తేల్చిపెట్టాలి.

ఈ పూచీ పద్ధతి మన దగ్గరా ఉంది. చిట్టీ పాడుకున్నవారిని హామీ సంతకాలు అడుగుతారు. మొహమాటానికి ఆ సంతకం పెట్టకండి. ఆ మనిషి తరఫున డబ్బు కట్టడానికి సిద్ధపడితేనే పెట్టండి.