జలుబు గొంతుతో పది పాటలు

రికార్డు కంపెనీతో సంతకమైతే దశ తిరిగినట్టే అనుకుంటాం. 1962లో ఈఎంఐతో ఒప్పందం కుదిరిన సంగీత బృందం బీటిల్స్‌కు అసలు చాకిరీ ఆ తర్వాతే. 1963 ఫిబ్రవరి 11న లండన్ స్టూడియోలో పొద్దున పదింటికి మొదలుపెడితే రాత్రి పదిన్నర దాటింది. తొలి ఆల్బమ్‌కి ఆ ఒక్క రోజే పది పాటలు! అప్పట్లో వాళ్లకు దొరికినవి రెండే రికార్డింగ్ ట్రాకులు, పాటా వాయిద్యమూ ఒకే ఊపులో కలిసి రావాలి. మధ్యాహ్నం స్టూడియోవాళ్లు భోజనానికి వెళ్తే వీళ్లు పాలు తాగుతూ సాధన చేసుకున్నారు. బృందంలోని గాయకుడు జాన్ లెనన్‌కి జలుబు, గొంతునిండా గరగర. మాత్రలు చప్పరిస్తూనే నెట్టుకొచ్చాడు. గొంతు చించుకుని పాడాల్సిన ‘ట్విస్ట్ అండ్ షౌట్’ని కావాలనే చివరికి అట్టేపెట్టారు. మొదటి టేకే రికార్డుకెక్కింది. రెండోసారికి గొంతు పలకలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, గొంతులోని ఆ చిరుగు చేతికి తగిలినట్టే ఉంటుంది.