ఋతువుల పండుగలు - నమ్మకమూ, శ్రమా

పల్లెల్లో జరిగే ఋతువుల పండుగల విషయంలో మన అభ్యుదయ రచయితలకు ఒక నిశ్చితమైన దృష్టి ఏర్పడలేదు. ఉన్నవల్లా రెండు అలవాట్లు. ఒకటి, వాటిని మూఢవిశ్వాసాల జాబితాలో వేసి ఊరుకోవడం. రెండవది, వాటికి 'ప్రజా సంస్కృతి' అని పేరు పెట్టి, వినవచ్చిన ప్రతి డప్పుమోతకూ పరవశించడం. మొదటిది హేతువాదమనీ, రెండవది జానపదాభిమానమనీ చెలామణీ అవుతున్నాయి. రెండింటిలోనూ ఆ పండుగ చేసుకునే మనిషి కనిపించడు.

ముందుగా నా సంగతి చెబుతాను. నాకు దేవుడిమీద నమ్మకం లేదు. వానలు కురిపించే శక్తి ఏ విగ్రహంలోనూ లేదని నా నిశ్చితాభిప్రాయం. అయితే నందవరంలో - బనగానపల్లె దగ్గరి చౌడేశ్వరి నందవరం కాదు, ఎమ్మిగనూరు పక్కన, తుంగభద్రకు దక్షిణాన ఉన్న నందవరంలో - బడిపంతులుగా ఉన్నన్నాళ్లూ ఏరువాక పున్నమికి ఊరివాళ్లతోపాటు నేనూ బయలుదేరుతూనే ఉన్నాను. ఈ రెంటికీ పొత్తు ఎట్లా కుదిరిందని విద్యార్థులు అడుగుతుంటారు. వారి ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు చెప్పాలంటే పండుగలో ఏ భాగం శ్రమదో, ఏ భాగం భయానిదో విడదీసి చూడాలి.

పాశ్చాత్య దేశాల్లో క్రైస్తవానికి పూర్వపు ఆరాధనలన్నిటినీ 'పేగన్' అనే ఒక్క మాటతో కొట్టివేశారు. ఆ మాటకు లాటిన్‌లో మొదటి అర్థం పల్లెటూరివాడు అని. పట్నంలో మతం మారింది. పొలంలో పని మారలేదు, కనుక పండుగా మారలేదు. రోములో డిసెంబరు 17న మొదలయ్యే సాటర్నేలియా పండుగలో యజమానులే బానిసలకు వడ్డించేవారట. నాలుగో శతాబ్దం నాటికి ఆ రోజుల వెన్నంటే క్రీస్తు జయంతి వచ్చి కూర్చున్నది. కొత్త మతాలు పాత పండుగలకు కొత్త కథలు తొడగడం అన్ని దేశాల్లోనూ జరిగిందే. కథ తీసివేసి చూస్తే అడుగున ఋతువు మిగులుతుంది, ఆ ఋతువులో చేయవలసిన పని మిగులుతుంది.

మన ఏరువాకనే తీసుకోండి. జ్యేష్ఠ పౌర్ణమినాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పసుపు కుంకుమలు పెట్టి, ఊరేగించి, పరుగు తీయిస్తారు. గోగునార తోరణం కట్టి దాన్ని తెంపి, దొరికిన పీచు తెచ్చుకుని ఎడ్ల మెడలో కడతారు. మా వైపు దీన్ని కారుణ్ణిమె అని కూడా అంటారు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలోవి కావడంవల్ల మా పండుగల పేర్లలో సగం కన్నడం. ఈ పండుగలో దేవుడి స్థానం చాలా చిన్నది. పూజ అందుకునేవి ఎద్దూ, నాగలీ. బౌద్ధ కథల్లో శుద్ధోదనుడు స్వయంగా నాగలి పట్టిన దుక్కి పండుగ ఒకటి ఉన్నది; బాలసిద్ధార్థుడు నేరేడు చెట్టు నీడన ధ్యానంలో కూర్చున్నది ఆనాడే. అంటే ఈ పండుగ వయస్సు మన గుళ్లలో చాలావాటి వయస్సుకంటె పెద్దది.

సాహిత్యం దీన్ని ఎట్లా చూసింది? శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో వర్షర్తువు వర్ణిస్తూ కాపువాళ్ల బతుకును దగ్గరనుంచి చూశాడు. భక్తి కావ్యంలో బురద తొక్కే రైతుకు చోటు దొరకడం చిన్న విషయం కాదు. అయితే ఆ రైతు కట్టిన పన్ను ఎక్కడికి పోయిందో చక్రవర్తి చెబుతాడని ఎదురుచూడలేము. సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ప్రకటించి, రాజుల చరిత్రకు బదులు జనం తిండీ, ఆటలూ, పండుగలూ చరిత్రేనని నిరూపించాడు. 1955లో 'రోజులు మారాయి' సినిమా వచ్చింది. అందులో కొసరాజు రాసిన ఏరువాక పాట ఆంధ్రదేశమంతా మోగింది. భూమి ఎవరిదనే ప్రశ్న ఆ సినిమాలో ఉన్నది గనుక ఆ పాటకు బలం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన అనేక సినిమాల్లో పాట మిగిలింది, ప్రశ్న జారిపోయింది. జానపదాభిమానంలోని ప్రమాదం ఇదే. పండుగను పొలంనుంచి పెరికి తెచ్చి వేదికమీద నాటితే అది రంగు కాగితపు పువ్వు అవుతుంది.

ఇక హేతువాదుల సంగతి. ఆదోని దగ్గర సంతెకుడ్లూరులో హోలీనాడు మగవాళ్లు చీరలు కట్టి, నగలు పెట్టుకుని రతీమన్మథులకు మొక్కు చెల్లిస్తారు. ఏటా పత్రికలవాళ్లు వచ్చి ఫొటోలు తీసుకుపోతారు. చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నవ్వడం తేలిక, వివరించడం కష్టం. కోశాంబి 1965లో ప్రకటించిన ప్రాచీన భారత సంస్కృతీ నాగరికతల చరిత్రలో, కొన్నిచోట్ల హోలీ మంట చుట్టూ ఆడేవారితో ఆడవేషం కట్టిన మగవాడు ఉండితీరాలనే ఆచారాన్ని పేర్కొన్నాడు. ఒకప్పుడు స్త్రీల చేతిలో ఉన్న క్రతువులు పురుషుల చేతికి మారినప్పుడు మిగిలిన గుర్తుగా అటువంటి వేషాలను ఆయన అర్థం చేసుకున్నాడు. ఈ దృష్టితో చూస్తే సంతెకుడ్లూరు చీర వింత వేషం కాదు, చరిత్ర సాక్ష్యం.

అయితే అక్కడితో ఆగితే మనమూ జానపదాభిమానుల పక్షం చేరినట్టే. ఒక్కరోజు మగవాడు చీర కట్టినందువల్ల ఆడదాని బతుకు ఏమైనా మారిందా? ఇదే సీమలో దేవత పేరుమీద బీదింటి ఆడపిల్లలను బసివిగా విడిచే ఆచారం నడిచింది. ఆ పిల్లలు ఎక్కువగా దళిత కుటుంబాలవాళ్లు. మద్రాసు ప్రభుత్వం 1947లో ఒక చట్టం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో మరొక చట్టం చేయవలసి వచ్చింది. రోము బానిస కూడా పండుగ మరునాడు బానిసే. పండుగలో ఒకరోజు తలకిందులయ్యే లోకం, తక్కిన రోజుల్లో నిటారుగా నిలబడడానికి పనికివస్తుంటే, ఆ పని ఎవరి లాభానికి జరుగుతున్నదో విమర్శకుడు అడగాలి. డప్పు కొట్టే చేతికి ఆ పండుగలో ఏ స్థానం ఇచ్చారో కూడా అడగాలి.

ఇంకొక ఉదాహరణ దేవరగట్టు. హొళగుంద మండలంలోని ఆ కొండమీద మాళ మల్లేశ్వరుడి గుడి ఉన్నది. మణి, మల్లాసురులనే రాక్షసులను ఆయన సంహరించాడని కథ. దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవంలో చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఉత్సవమూర్తులకోసం కర్రలు పట్టి తలపడతారు. ఏటా తలలు పగులుతాయి. ప్రాణాలు పోయిన సంవత్సరాలూ ఉన్నాయి. ఆ గాయాలను సంప్రదాయం పేరుతో సమర్థించే రచయితతో నాకు ఏకీభావం లేదు. అక్కడ రక్తం కార్చేది రైతూ, కూలీ. దేవుడికోసం తల పగలకొట్టుకోవడం ఏ ప్రజా సంస్కృతీ కాదు.

కానీ ఆ ఉత్సవంలో చదువుకున్నవాళ్లు గమనించని విషయం ఒకటున్నది. కర్రల పోరు ముగిసిన తర్వాత తెల్లవారుజామున పూజారి భవిష్యవాణి వినిపిస్తాడు. జనం అంతసేపూ కాచుకుని కూర్చునేది దానికోసమే. ఆ వాణిలో వానల సంగతి ఉంటుంది. దానితోపాటు పత్తి ధర ఎంత పలుకుతుందో, జొన్న ధర ఎంత పలుకుతుందో రూపాయల్లో ఉంటుంది! మబ్బుల సంగతి చెప్పవలసిన దేవుడు మార్కెట్టు సంగతి చెబుతున్నాడు. ఎందుకంటే మా రైతుకు ఇప్పుడు ఆకాశమెంత అందనిదో ఆదోని పత్తి మార్కెట్టూ అంత అందనిదే. విత్తనం ధర అతని చేతిలో లేదు, ఎరువు ధర లేదు, పంట ధర అసలే లేదు. మనిషి చెయ్యి అందని చోటల్లా నమ్మకం మొలుస్తుంది. ఒకప్పుడది మేఘంలో మొలిచింది. ఇప్పుడు తరాజులోనూ మొలుస్తున్నది.

మార్క్స్ 1844లో మతాన్ని నల్లమందుతో పోల్చాడని అందరికీ తెలుసు. ఆ పోలికకు ముందే ఆయన మతంలో నిజమైన బాధనూ, ఆ బాధపై నిరసననూ కూడా గుర్తించాడు. ఆ భాగం మనవాళ్లు తక్కువ చదువుతారు. భవిష్యవాణి వినడానికి కొండకింద కూర్చున్న రైతుతో 'దేవుడు లేడు' అని నేను చెప్పగలను, చెబుతాను కూడా. కాని గిట్టుబాటు ధర సంగతి చెప్పకుండా ఆ ఒక్క మాటే చెప్పి వస్తే, అతని నమ్మకం తీసేసి భయాన్ని అట్లాగే ఉంచి వచ్చినట్టవుతుంది. నాస్తికత్వం నా వరకూ ఒక ముగింపు కాదు. భయానికి కారణాన్ని ఆకాశంనుంచి నేలకు దించే పనికి అది మొదలు.

చివరగా ఒక మాటను పరిశీలించమని కోరుతున్నాను. ఆ మాట 'సుగ్గి'. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, ఆ కాలపు సంబరం. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు పల్లెల్లో ఇప్పుడు సుగ్గికి పోవడమంటే కూలికోసం ఊరు విడిచిపోవడం. ఖరీఫ్ పంట చేతికొచ్చీ రాకముందే ఇళ్లకు తాళాలు పడతాయి. మిరపకాయలు కోయడానికి గుంటూరుకు కొందరు, పత్తి తీయడానికి తుంగభద్ర దాటి తెలంగాణకు కొందరు, కట్టుబడి పనులకు బెంగుళూరుకు కొందరు. పిల్లలు వెంట పోతారు, బడిలో బల్లలు ఖాళీ అవుతాయి. అందుకోసమే సీజనల్ హాస్టళ్లు పెట్టవలసి వచ్చింది. తుంగభద్ర ఆనకట్టకు 1953లో నీళ్లు చేరినా, దిగువ కాలువ దాటిన పొలాలు ఈనాటికీ మబ్బువంకే చూస్తున్నాయి. పంటను పొగిడిన మాటే వలసకు పేరయింది. ఒక ప్రాంతపు ఆర్థిక చరిత్ర ఇంతకంటె కురచగా రాయడం ఎవరితరం?

మన జానపద పరిశోధకులు సుగ్గి పాటలు సేకరించాలి, తప్పదు. కాని సుగ్గికి పోయినవాళ్ల లెక్క కూడా పక్కన రాయాలి. మన కథకులు ఏరువాక రాయాలి. ఎద్దుల స్థానంలో ట్రాక్టరు బాడుగ వచ్చిందనీ, ఎద్దులు లేని రైతు ఆనాడు ఏం చేస్తున్నాడనీ కూడా రాయాలి. నేను ఏరువాకకు వెళ్లేది శ్రమను గౌరవించే పండుగ గనుక. దేవరగట్టు కర్రలను వ్యతిరేకించేది శ్రమజీవి రక్తాన్ని వృథా చేసే పండుగ గనుక. ఈ రెంటికీ కొలబద్ద ఒక్కటే. ఆ కొలబద్ద పట్టుకున్న రచయిత పండుగను చూసి నవ్వనూ నవ్వడు, మొక్కనూ మొక్కడు. పండుగ చేసుకునే మనిషి వచ్చే యేడు కూడా తన ఊళ్లోనే, తన పొలంలోనే ఆ పండుగ చేసుకోగలడా అని అడుగుతాడు. మన పల్లెలను గురించి రాయదలచిన యువకులు ఆ ప్రశ్నతో మొదలుపెట్టాలి.