పోడు మీద నింద, యంత్రం తీర్పు

'పోడు కొట్టేవాళ్ల వల్లే ఎండలు ముదిరాయి, వానలు తప్పాయి' అనే మాట మన ఏజెన్సీలో పాతదే. ఇప్పుడది మన పిల్లల ఫోన్లలోకి వాట్సాప్ సందేశంగా వస్తోంది. నిజమో కాదో తేల్చుకోవడానికి వాళ్లు కృత్రిమ మేధను అడుగుతున్నారు. అడగనీయండి. అయితే ఆ తీర్పు ఎక్కడి నుంచి వస్తుందో మనం చూడాలి.

వాతావరణ మార్పు గురించి ప్రచారమయ్యే మాటలను యంత్రంతో సరిచూసే ప్రయత్నాలు కొన్నేళ్లుగా సాగుతున్నాయి. 2020లో వచ్చిన క్లైమేట్-ఫీవర్ అనే సేకరణలో 1,535 వాదనలున్నాయి. ఒక్కో వాదనకు వికీపీడియా నుంచి ఐదేసి వాక్యాలు తీశారు. అవి దాన్ని బలపరుస్తున్నాయా, కాదంటున్నాయా, లేక ఆధారం చాలదా అన్నది మనుషులే గుర్తు పెట్టారు. వాదనలూ ఇంగ్లీషువే, వికీపీడియా కూడా ఇంగ్లీషుదే. కోయలో, కువిలో, గోండిలో మన పెద్దలు చెప్పుకునేది అందులో ఎక్కడ దొరుకుతుంది?

తర్వాత వచ్చిన చాట్‌క్లైమేట్ లాంటివి ఐపీసీసీ నివేదికలను ముందు పెట్టుకుని జవాబు చెబుతాయి. ఇది మెరుగే. భూమి వేడెక్కడానికి మనుషుల పనులే కారణమని 2021 నివేదిక సందేహం లేకుండా తేల్చింది. 'అంతా బూటకం' అనేవాళ్లకు జవాబు చెప్పడానికి ఇలాంటి యంత్రం చాలు.

చిక్కంతా సగం నిజాలతోనే. మనుషుల వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో సుమారు 23 శాతం వ్యవసాయం, అడవులు, ఇతర భూ వినియోగం నుంచి వస్తున్నాయని ఐపీసీసీ 2019 నివేదిక చెప్పింది. పోడు కూడా వ్యవసాయమే కదా అని ఒకరు దీన్ని మన మీదికి తిప్పారనుకోండి. అంకెను సరిచూడమంటే యంత్రం 'నిజమే' అంటుంది. కానీ ఆ 23 శాతంలో పశువుల మీథేన్ ఉంది, వరిమళ్ల మీథేన్ ఉంది, ఎరువులు వేసిన నేల నుంచి లేచే నైట్రస్ ఆక్సైడ్ ఉంది, పెద్ద ఎత్తున అడవి నరికి వేసిన తోటలూ మేతభూములూ ఉన్నాయి. కొండవాలున రెండెకరాల్లో సామలు, కందులు కలిపి చల్లుకునే ఇంటి వాటా ఎంత? ఆ అంకె ఆ సంగతి చెప్పదు. పోడుతో కొండకు ఏ నష్టమూ లేదని మేము అనడం లేదు. బీడు వదిలే ఏళ్లు తగ్గితే అడవి మళ్లీ లేవదని మన పెద్దలకు బాగా తెలుసు. అది వేరే మాట, ఎండలు ముదరడానికి కారణం మీరే అనడం వేరే మాట.

ఈ నింద పట్టా దరఖాస్తుల దాకా వస్తుంది కాబట్టే ఇంత చెబుతున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుల సాగు విషయంలో అడిగేది 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి మీ చేతిలో ఉందా అని. కార్బన్ లెక్క అడగదు.

కాబట్టి టీచర్లు పిల్లలతో సందేశాన్ని ముక్కలు చేయించాలి: అంకె ఒకటి, అది దేని గురించి అన్నది ఒకటి, దాన్నుంచి ఎవరి మీదికి దూకారన్నది ఇంకొకటి. ఒక్కో ముక్కకు ఆధారం చూపమని యంత్రాన్ని అడగాలి. చూపిన పేజీ తెరిచి చదవాలి. 'ఆధారం చాలదు' అని అది అంటే విసుక్కోవద్దు, నిజాయితీగల జవాబు అదే కావచ్చు.

మన మాటకూ ఇదే పరీక్ష. ఇప్పపువ్వు ముందే రాలుతోందని అవ్వ అంటే, నమ్మేసి ఊరుకోకూడదు, కొట్టిపారేయనూ కూడదు. ఏ కొండ మీద, ఏ చెట్టు కింద, తొలి పువ్వు ఏ తేదీన దొరికిందో బడి నోటుబుక్కులో ఏటా రాయించండి. మొదటి పేజీలో అవ్వకు గుర్తున్న పాత సంవత్సరాలు, ఆమె మాటల్లోనే, ఆమె భాషలోనే ఉండాలి.