ఇంగితజ్ఞానం, ఈశ్వరుడు: ముందుమాట

దేవుడున్నాడా అన్న ప్రశ్న మీద మనకు స్తోత్రాలున్నాయి, ఖండనలున్నాయి. ఓపికగా విచారించే పుస్తకాలు మాత్రం అరుదు. అలాంటిదొకటి నా శిష్యురాలు రాసినందుకు మనసు నిండింది.

ఈ పుస్తకానికి కేంద్రం తత్వవేత్త థామస్ రీడ్. స్కాట్లండ్‌లో 1710లో పుట్టాడు. పల్లెటూరి చర్చిలో పాస్టరుగా ఉండి, అబర్డీన్‌లో పాఠాలు చెప్పి, 1764లో ఆడమ్ స్మిత్ తర్వాత గ్లాస్గోలో నీతిశాస్త్ర ఆచార్యుడయ్యాడు. డేవిడ్ హ్యూమ్ వాదం వెంట చివరిదాకా నడిస్తే బయటి లోకమూ, ‘నేనూ’ కూడా సందేహంలో పడతాయి. రీడ్ ఆ వాదాన్ని మొదట్లోనే నిలదీశాడు. మనకు నేరుగా తెలిసేవి మనసులోని భావాలేనని ఎవరు నిరూపించారు? కంటినీ, జ్ఞాపకాన్నీ, సాటివాడి మాటనూ నమ్మడం మనం వాదించి సంపాదించుకున్నది కాదు. వాదించాలన్నా ముందు ఆ నమ్మకం ఉండాలి. ఇంగితజ్ఞానమంటే ఆయనకు ఇదే.

మరి దేవుడి సంగతి? ఆ రోజుల్లోనే జేమ్స్ ఆస్వాల్డ్ అనే ఆలోచనాపరుడు దైవాన్ని కూడా ఇంగితజ్ఞానం ఖాతాలోనే వేశాడు. రీడ్ అంత దూరం పోలేదు. పనిలో తెలివి కనిపిస్తే చేసినవాడికి తెలివి ఉందన్నదే ఆయనకు మూలసూత్రం. జగత్తును చూసి కర్త ఉన్నాడనడం దాని మీద నిలిపిన అనుమానప్రమాణం. స్వయంగా భక్తురాలై ఉండి కూడా రచయిత్రి ఈ తేడాను ఎక్కడా చెరిపెయ్యలేదు. ఆమె నిజాయితీకి అదే గుర్తు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మీమాంస అధ్యాయం. కాదనే బాధకం ఎదురయ్యేదాకా జ్ఞానం తనంతట తానే ప్రమాణమన్న మీమాంసకుడు కుమారిలభట్టు రీడ్‌కు ఎంతో దగ్గరివాడు. అయినా సృష్టికర్తను ఒప్పుకోలేదు. ప్రామాణ్యం పరతః, అంటే బయటి ఆధారం వల్లే తేలుతుందనే నైయాయికుల్లోనేమో ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుణ్ణి సాధించాడు. కాబట్టి ఇంగితజ్ఞానాన్ని ఒప్పుకున్నంత మాత్రాన దేవుడు సిద్ధించడు. అలాగని రుజువు చూపలేని ప్రతి నమ్మకమూ మూఢత్వం కాదు.

ఒక్కచోట నాకు తృప్తి కలగలేదు. సాటి మనిషికి మనసుందని నమ్మడమూ దేవుణ్ణి నమ్మడమూ ఒక కోవవేనన్న తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా వాదాన్ని ఆమె తేలిగ్గా ఒప్పుకుంది. మొదటిదాన్ని సందేహిస్తూ బతికేవాడు దొరకడు. రెండోదాన్ని సందేహించేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, చక్కగా బతుకుతున్నారు. మలిముద్రణలో దీనికి ఆమె జవాబు చదవాలని నా కోరిక.

ఆస్తికులు తమ నమ్మకానికి ఆధారమేదో, నాస్తికులు తాము రుజువు అడక్కుండా ఒప్పుకుంటున్నవేవో తెలుసుకోవడానికి ఈ పుస్తకం చదవాలి.